పాత ఉబుంటు లినక్స్‌ని కొత్త మెషీన్‌లోకి ఉన్నదున్నట్టు మార్చినవాళ్ళు ఉన్నారా?

మారతహళ్ళి_పీజీ:
2018లో 18.04 వేసుకున్నా, అప్‌గ్రేడ్ చేసుకుంటూ 22.04 దాకా లాక్కొచ్చా. ఇప్పుడు పాత డెస్క్‌టాప్ దానంతటదే ఆగిపోతోంది, అందుకని శనివారం బెంగళూరు ఎస్పీ రోడ్డు కంప్యూటర్ బజారుకెళ్ళి కొత్త బోర్డు, రైజన్ ప్రాసెసరు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ తెచ్చా. ఫ్రెష్‌గా వేసుకోమంటున్నారు ఆఫీసులో అందరూ, కానీ నాన్న పొలం లెక్కల కోసం రాసిన స్క్రిప్టులు, ప్రింటర్ సెట్టింగులు, ఇన్నేళ్ళలో ఒక్కొక్కటే కుదుర్చుకున్నవి, మళ్ళీ మొదటినుంచి అంటే మనసొప్పట్లేదు. మారిస్తే బూటవుతుందా?

బీటీఎం_పాతకాపు:
బూటవుతుంది తమ్ముడూ, భయపడకు. డ్రైవర్లు చాలావరకు కెర్నెల్‌తోనే వస్తాయి, ఉబుంటులో ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో డ్రైవర్లు అందించే చిన్న ఫైల్) కూడా నీ ఒక్క మెషీన్‌కే కాకుండా ఎక్కువవాటికి సరిపోయేట్టు తయారవుతుంది. ఫెడోరాలో అలా కాదు, దాన్ని తయారుచేసే డ్రాకట్ ఆ మెషీన్‌కి కావాల్సినవే పెడుతుంది కాబట్టి వాళ్ళు రెస్క్యూ ఎంట్రీ నుంచి ఎక్కి మళ్ళీ తయారుచేసుకోవాలి. ముందు ఒకటి చూసి చెప్పు, సిస్ కింద ఫర్మ్‌వేర్‌లో ఈఎఫ్‌ఐ అనే ఫోల్డర్ ఉందా?

మారతహళ్ళి_పీజీ:
లేదన్నా.

బీటీఎం_పాతకాపు:
అయితే నీది లెగసీ బయాస్, అంటే పాతరకం బూట్ పద్ధతి; కొత్తరకం యూఈఎఫ్‌ఐ. కొత్త బోర్డు యూఈఎఫ్‌ఐలోనే బూట్ చేస్తుంది అనుకో, డీడీ కమాండ్‌తో డిస్క్ మొత్తం ఉన్నదున్నట్టు కాపీ కొట్టి వదిలేస్తే పనవ్వదు. లైవ్ యూఎస్‌బీని యూఈఎఫ్‌ఐ మోడ్‌లో ఎక్కించు, కొత్త డిస్క్‌కి జీపీటీ పార్టిషన్ టేబుల్ వేసి 512 ఎంబీ ఫ్యాట్32 ఈఎఫ్‌ఐ పార్టిషన్, మిగతాది ఈఎక్స్‌టీ4. ఆర్‌సింక్‌తో కాపీ చెయ్, ఆర్కైవ్ ఒక్కటే చాలదు, ఏసీఎల్, ఎక్స్‌టెండెడ్ ఆట్రిబ్యూట్లు, హార్డ్‌లింకుల ఆప్షన్లు కూడా పెట్టు. తర్వాత ఎఫ్‌స్టాబ్‌లో (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఫైల్) కొత్త యూయూఐడీలు (పార్టిషన్ల గుర్తింపు నంబర్లు) రాసి, సీహెచ్‌రూట్‌తో కాపీ అయిన సిస్టమ్ లోపలికెళ్ళి బూట్ లోడర్ అయిన గ్రబ్ ఈఎఫ్‌ఐ ప్యాకేజీ వేసి గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్.

వైట్‌ఫీల్డ్_రాత్రిషిఫ్ట్:
నా అనుభవం కూడా చెప్తానండి. నాది ముందే యూఈఎఫ్‌ఐ, డిస్క్ తీసి కొత్త ల్యాప్‌టాప్‌లో పెడితే బూటబుల్ డిస్కే లేదంది. డిస్క్‌లో అన్నీ ఉన్నాయి, కానీ బూట్ ఎంట్రీ ఉండేది డిస్క్‌లో కాదు, మదర్‌బోర్డు మెమరీలో, అది పాత బోర్డుతోనే ఉండిపోయింది. లైవ్ యూఎస్‌బీ నుంచి ఈఎఫ్‌ఐబూట్‌మేనేజర్‌తో ఎంట్రీ చేర్చాక లేచింది. అసలు డిస్కే కనపడకపోతే బయాస్‌లో రెయిడ్ మోడ్ తీసి ఏహెచ్‌సీఐ పెట్టండి, అదే మెషీన్‌లో విండోస్ కూడా ఉంటే మాత్రం ఆలోచించి మార్చండి, అది ఎక్కడం మానేయొచ్చు.

కోరమంగళ_కెర్నెల్:
డీడీతో క్లోన్ చేసేవాళ్ళకి ఒక మాట. రెండు డిస్కులకీ ఒకటే యూయూఐడీ వస్తుంది, నేను పాతది తీయకుండా అలాగే ఉంచి రెండ్రోజులు పనిచేశా, రూట్ మౌంట్ అయింది పాత డిస్కే. ఆ రెండ్రోజుల పని వెతుక్కోవడానికి ఒక రాత్రి పట్టింది. క్లోన్ అవగానే పాతదాని కేబుల్ పీకేయండి.

మారతహళ్ళి_పీజీ:
అయిపోయింది!! ఆదివారం పొద్దున మొదలెడితే రాత్రి పదకొండయింది. ఎన్‌వీఎంఈ బిగించే చిన్న స్క్రూ, బియ్యపుగింజంత ఉంటుంది, అది బోర్డు డబ్బాలో అడుగున ప్లాస్టిక్ కవర్లో ఉంది, దానికే అరగంట. గ్రబ్ వచ్చాక తెర నల్లగా, మూలన గీత ఒకటి మిణుకుమిణుకుమంటూ. పాత గ్రాఫిక్స్ కార్డు క్లోజ్డ్ డ్రైవరూ, దాని ఎక్స్‌ఆర్గ్ కాన్ఫ్ (తెర సెట్టింగుల) ఫైలూ ఇంకా ఉన్నాయి, రికవరీ మోడ్‌లోకెళ్ళి రెండూ తీసేస్తే డెస్క్‌టాప్ వచ్చింది. వైఫై లేదు, ఫోన్‌ని యూఎస్‌బీతో కలిపి నెట్ తీసుకుని కొత్త హార్డ్‌వేర్ కోసం ఇచ్చే హెచ్‌డబ్ల్యూఈ కెర్నెల్ వేశా, 5.15 నుంచి 6.8కి వెళ్ళింది, వైఫై వచ్చేసింది. టెర్మినల్ తెరిచి పై బాణం నొక్కితే నిన్నటి కమాండ్లు అలాగే ఉన్నాయన్నా, ఎంత సంతోషమేసిందో.

ఒక్కటే మిగిలింది, బూట్‌లో అర నిమిషం ఆగుతోంది ఎందుకు?

బీటీఎం_పాతకాపు:
పాత డిస్క్‌లోని స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ భాగం) కోసం ఎదురుచూస్తోంది. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్-టూల్స్ కింద కాన్ఫ్.డీలో రెజ్యూమ్ అనే ఫైల్ ఉంటుంది, అందులో పాత యూయూఐడీ తీసి కొత్తది రాయి, స్వాప్ లేకపోతే నన్ అని రాయి, తర్వాత అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ కొట్టు.

మారతహళ్ళి_పీజీ:
పోయిందన్నా, థాంక్స్. పాత ఎస్‌ఎస్‌డీ ఒక నెల ముట్టుకోకుండా బీరువాలో పెడుతున్నా.