అప్‌డేట్: అంతర్వేదిలో ‘నేను’ కరిగిపోయిన సంగతి, కారణం తెలిసింది

మాఘమాసంలో అడిగాను కదా: అంతర్వేది తీర్థంలో రాత్రంతా కల్యాణం చూసి, తెల్లారి వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసేచోట ఇసుకలో కూర్చుని భస్త్రిక (గబగబా ఊపిరి తీసి వదిలే ప్రాణాయామం) చేస్తుంటే, నా చేతులెక్కడ ఆగాయో, గాలి ఎక్కడ మొదలైందో తెలియలేదు. నేనూ ఆ నీళ్లూ ఒకటే అనిపించింది. ఫిట్సేమోనని హడలిపోయాను.

జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ. ‘ముందు న్యూరాలజిస్టుకి చూపించండి’ అన్నవారి మాటే పనికొచ్చింది. కాకినాడలో ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాల పరీక్ష) తీశారు, నార్మల్. మూతి చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరొచ్చిందా అని అడిగారు డాక్టరుగారు. వచ్చింది! గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోయి మెదడు రక్తనాళాలు ముడుచుకుంటాయట. దానికి జాగారం తోడైంది. 1927లో ఫ్రెంచి రచయిత రోమా రోలా, మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్‌కి రాసిన ఉత్తరంలో ఇలాంటిదాన్నే ‘సముద్రంలాంటి అనుభూతి’ అన్నాడనీ ఆయనే చెప్పారు. నాకైతే సముద్రం ఎదురుగానే ఉంది మరి.

థైరాయిడ్, షుగర్ పరీక్షలు దండగ. గాలి సోకిందన్నారు కొందరు. మా అత్తయ్య కట్టించిన తాయెత్తు ఇంకా చేతికే ఉంది, తీస్తే ఊరుకోదు.

ఇప్పుడు కంటినిండా నిద్రపోయాకే, నెమ్మదిగా చేస్తున్నాను. మళ్లీ రాలేదు. నిజం చెప్పొద్దూ, కాస్త బెంగగానే ఉంది.