‘యు-క్రోయ్‌ట్సర్’ను తెలుగులో ఏమనాలి?

మొదటి ప్రపంచయుద్ధ చరిత్రను అనువదిస్తున్న మిత్రులు ‘యు-క్రోయ్‌ట్సర్’ అనే జర్మన్ మాటకు ‘యుద్ధ జలాంతర్గామి’ అని రాస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదని నా అభిప్రాయం. కారణం ఆ మాట వర్తించిన ‘డాయిచ్‌లాండ్’ అనే జర్మన్ జలాంతర్గామి కథలోనే ఉంది.

1916 జూలైలో ‘డాయిచ్‌లాండ్’ బ్రిటిష్ నౌకాదళపు దిగ్బంధాన్ని తప్పించుకొని, అద్దకపు రంగులు నింపుకొని అమెరికాలోని బాల్టిమోర్ రేవుకు చేరింది. తిరుగు ప్రయాణంలో నికెల్, తగరం, రబ్బరు తీసుకుపోయింది. అప్పటికి తటస్థంగా ఉన్న అమెరికా దాన్ని తనిఖీ చేయించి, ఆయుధాలు లేవని తేలాకే వర్తక నౌకగా గుర్తించింది. కనుక దాన్ని ‘సరకుల జలాంతర్గామి’ అనకూడదు. సరకును యుద్ధనౌక కూడా మోయగలదు. ‘వర్తక’ అన్న విశేషణమే దాని చట్టబద్ధమైన హోదాను చెబుతుంది.

1917లో అదే ఓడకు రెండు 15 సెంటీమీటర్ల ఫిరంగులు, టార్పెడో గొట్టాలు అమర్చి యు-155 అని పేరు మార్చారు. వర్తకానికని మొదలుపెట్టిన మరో ఆరింటిని కూడా యుద్ధానికే మలిచారు. వీటినే ‘యు-క్రోయ్‌ట్సర్’ అన్నారు. ఆ రోజుల్లో మిగిలిన జలాంతర్గాములన్నీ యుద్ధానికి కట్టినవే కాబట్టి, ‘యుద్ధ’ అన్న విశేషణం వీటిని వేటి నుంచీ వేరు చేయదు. పైగా మన తత్పురుషంలో లాగే జర్మన్ సమాసంలోనూ ఉత్తరపదమే ప్రధానం. ‘యు’ అంటే జలాంతర్గామి, ‘క్రోయ్‌ట్సర్’ అంటే క్రూయిజర్ అనే యుద్ధనౌక. అంటే ఇక్కడ ప్రధానమైన మాట ‘క్రూయిజర్’.

ఆ మాటకు మూలం డచ్చి భాషలో, సముద్రాన్ని అటూ ఇటూ అడ్డంగా కోస్తూ తిరుగాడడం అన్న అర్థంలో ఉంది. మన ‘గస్తీ’కి మూలమైన పారసీక పదానికీ తిరగడమనే అర్థం కనుక ‘గస్తీ నౌక’ అందామని నాకూ ఆశ కలిగింది. అయితే గస్తీ అంటే నేడు మనకు సొంత తీరానికి కాపలా కాయడమే స్ఫురిస్తుంది. క్రూయిజర్ పని దానికి పూర్తిగా భిన్నం: స్వదేశానికి ఎంతో దూరంలో ఒంటరిగా తిరుగుతూ శత్రువు ఓడలను వేటాడడం. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు చమురు ట్యాంకులపై గుండ్లు కురిపించిన జర్మన్ నౌక ‘ఎమ్డెన్’ అటువంటి క్రూయిజరే. జిత్తులమారి, గట్టివాడు అనే అర్థంలో ఆ పేరు తమిళంలో మాటగా నిలిచిపోయింది. 1918లో, పైన చెప్పిన ఆరింటిలో ఒకటైన యు-151 అమెరికా తీరం దాకా వెళ్లి, మందుపాతరలు పరిచి, సముద్రగర్భంలోని టెలిగ్రాఫ్ తీగలు తెంపి, ఓడలను ముంచింది. ఇదీ క్రూయిజర్ పనే.

అందువల్ల ‘జలాంతర్గామి క్రూయిజర్’ అనడమే మేలు. ఇది సంస్కృత పదాన్ని అన్యభాషా పదంతో కలిపిన వైరి సమాసమని కొందరు ఆక్షేపించవచ్చు. కానీ ‘రైలు మార్గం’ అన్నప్పుడు మనకు లేని ఇబ్బంది ఇక్కడ ఎందుకు? మీ అనువాదంలో 1916 నాటి ప్రయాణాలకు ‘వర్తక జలాంతర్గామి’ అని, ఫిరంగులు అమర్చిన తరువాతి ఘట్టాలకు ‘జలాంతర్గామి క్రూయిజర్’ అని వాడండి. ఆ మార్పు జరిగిన చోట మాత్రం రెండు పేర్లూ ఒకే వాక్యంలో పక్కపక్కన రానివ్వండి.