చెన్నైలో లైవ్ స్ట్రింగ్స్ కాల్షీట్: మొదటి ఆర్‌ఆర్‌కి ఏమేం సిద్ధం చేసుకోవాలి?

సాలిగ్రామం_కీస్:
చెన్నైలో కీబోర్డ్ ప్రోగ్రామర్‌ని. సంగీత దర్శకుడిగా మొదటి సినిమా చేతికొచ్చింది. ఆర్‌ఆర్ (రీరికార్డింగ్, అంటే నేపథ్య సంగీతం) దాదాపు అంతా శాంపిల్స్‌తోనే (ముందే రికార్డు చేసి ఉన్న వాద్యాల ధ్వనులతో) అయిపోయింది. క్లైమాక్స్‌కీ, ఇంకో రెండు సీన్లకీ మాత్రం లైవ్ స్ట్రింగ్స్ కావాలి. నిర్మాతగారు ఒక్క కాల్షీట్ (స్టూడియోలో వాద్యకారులతో ఒక విడత రికార్డింగ్) ఇస్తానన్నారు: 8 వయొలిన్లు, 2 వయోలాలు, 2 చెల్లోలు. స్టూడియోలో టైమ్ పోకుండా ముందే ఏం చూసుకోవాలి? ఆయన ప్యాకేజీ అంటున్నారు, ఒప్పుకోవచ్చా?

రీల్_5:
ఎడిటర్ దగ్గర లాక్ అయిన (ఇక ఎడిట్ మారని) రీళ్ళే తీసుకోండి, తెర మీద టైమ్‌కోడ్ (ఫ్రేము ఫ్రేముకీ సమయం చూపే అంకెలు) కనబడాలి. ఫ్రేమ్‌రేట్ (సెకనుకి ఎన్ని ఫ్రేములో) నోటితో చెప్పించుకోవడం కాదు, రాయించుకోండి. 24కీ 23.976కీ తేడా చిన్నదే, కానీ 20 నిమిషాల రీల్ చివరికొచ్చేసరికి 1.2 సెకన్లు జరుగుతుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో మీ సెషన్ ఫైలు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో ఉండాలి. 44.1లో చేసిన ట్రాక్‌ని మార్చకుండా 48లో వేస్తే శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమిటోన్లు పైకి పోతుంది. అది స్టూడియోలో బయటపడితే అరగంట ఖర్చు.

టెంపో సీన్‌ని బట్టి లెక్కకట్టాలి. క్యూ (ఒక సీన్‌కి వేసే సంగీతం ముక్క) మొదలైన 22వ సెకనుకి తలుపు తెరుచుకుంటుందనుకోండి. 4/4లో, అంటే బారుకి 4 బీట్ల చొప్పున, 8 బార్లంటే 32 బీట్లు. 32×60÷22 = నిమిషానికి 87.27 బీట్లు. అదే పెడితే 9వ బారు మొదటి బీటు తలుపు మీద పడుతుంది. పోనీలే అని 88 పెడితే 4 ఫ్రేములు ముందే వచ్చేస్తుంది, కంటికి తెలిసిపోతుంది.

పార్ట్‌_రైటర్:
శాంపిల్స్‌తో రాసినవాళ్ళు ఎక్కువగా తప్పేది పరిధి దగ్గర. వయొలిన్‌లో 196 హెర్ట్జ్ జి కింద స్వరమే లేదు, వయోలాకీ చెల్లోకీ అడుగు సి. వయోలా పార్టు (ఆ వాద్యానికి రాసిచ్చే నొటేషన్ కాగితం) ఆల్టో క్లెఫ్‌లో (వయోలా వాళ్ళు చదివే స్వరలిపి గుర్తుతో) ఇవ్వండి. బార్ నంబర్లు మీ సెషన్‌లో ఉన్నవే వేయండి, “47 నుంచి” అనగానే అందరూ అక్కడ ఉండాలి. పేజీ తిప్పేచోట విరామం పడేలా చూసుకోండి.

రాగం ఉన్న చోట ఇంకా జాగ్రత్త. తోడి రాగంలో గాంధారాన్ని 8 మంది వయొలిన్ వాళ్ళు కలిసి ఊపితే ఒక్కొక్కరి ఊపు ఒక్కో వేగంలో ఉండి ముద్దగా వినిపిస్తుంది. సెక్షన్‌కి నిలకడ స్వరాలు ఇచ్చి, గమకం ఒక్క సోలో వయొలిన్‌కి వదిలేయండి. దాన్ని స్టాఫ్‌లో (పాశ్చాత్య స్వరలిపి గీతల మీద) రాసే కంటే పాడి వినిపిస్తే పని తొందరగా అవుతుంది.

క్లిక్ (హెడ్‌ఫోన్లలో టెంపో చెప్పే టిక్కు) రెండు బార్లు ముందు నుంచి వేయండి, చివరి స్వరం మొదలవగానే ఆపేయండి. లేకపోతే స్వరం సన్నబడేచోట హెడ్‌ఫోన్లలోని టిక్కులు మైకులోకి దిగుతాయి. ముందు అందరూ వాయించేవి రికార్డు చేయండి, చెల్లో సోలో చివర్లో.

రీల్_5:
ప్యాకేజీ అంటే స్టూడియో, వాద్యకారులు, గాయకులు, మిక్సింగ్ అన్నీ మీకిచ్చిన మొత్తంలోంచే. ఎన్ని కాల్షీట్లో, లాక్ తర్వాత మళ్ళీ ఎడిట్ చేస్తే అదనపు ఖర్చు ఎవరిదో అగ్రిమెంట్‌లో ఉంటేనే ఒప్పుకోండి. 2012 కాపీరైట్ సవరణ ప్రకారం, హాల్లో సినిమాతో పాటు వేసేది కాక మిగతా వాడకాలకి సంగీతకర్తకు రాయల్టీ వాటా ఉంది. దాన్ని వారసులకో కాపీరైట్ సొసైటీకో తప్ప రాసివ్వడానికి వీల్లేదు. సంగీతకర్తల, గీత రచయితల కాపీరైట్ సొసైటీ అయిన ఐపీఆర్‌ఎస్‌లో సభ్యత్వం తీసుకుని, పాటలతో పాటు ఆర్‌ఆర్ క్యూ షీట్ కూడా ఇప్పుడే తయారు చేసుకోండి: క్యూ పేరు, నిడివి, ఎక్కడ వాడారు.

సాలిగ్రామం_కీస్:
చాలా థ్యాంక్సండీ. 8 వయొలిన్లనే రెండుసార్లు తీసి 16 చేయొచ్చా?

పార్ట్‌_రైటర్:
చేయొచ్చు. కానీ అదే కుర్చీల్లో అదే పార్టు మళ్ళీ తీస్తే సెక్షన్ పెద్దదవ్వదు, గట్టిపడుతుందంతే. రెండో టేక్‌కి ఫస్ట్, సెకండ్ వయొలిన్ల పార్టులు, కుర్చీలు మార్చండి. కాల్షీట్‌లో అందుకు టైమ్ ముందే తీసిపెట్టుకోండి, క్లైమాక్స్‌కి ఒక్కదానికి చాలు.