నాయిన పాస్‌బుక్‌లో తెలియని కంపెనీ పేరు, నెలనెలా 1,149 కట్

తిప్పర్తి రైతుబిడ్డ:
వడ్ల పైసలు పడ్డాయో లేదోనని నాయిన మొన్న బ్యాంకుకు పోయి పాస్‌బుక్ ప్రింట్ వేయించుకొచ్చాడు. పడ్డాయి. కానీ ఈ నెల 5న ‘ఏసీహెచ్’ అని, పక్కన సగం తెగిపోయిన కంపెనీ పేరుతో 1,149 కట్. పోయిన నెల 5న కూడా అంతే. నాయినది కీప్యాడ్ ఫోన్, ఏటీఎం కార్డు బీరువా దాటి బయటికి రాదు. ఆ పేరు గూగుల్‌లో కొడితే ముంబై అడ్రస్ వచ్చింది. రాత్రి నిద్ర లేదు. ఎవరికైనా ఇట్లా అయిందా?

జడ్చర్ల అన్న:
తమ్మీ, దొంగ అయితే ప్రతి నెలా 5నే వచ్చి లెక్కగా 1,149 తీసుకుపోడు, ఉన్నదంతా ఊడ్చేస్తాడు. ఏసీహెచ్ అంటే బ్యాంకుల మధ్య చెల్లింపులు చూసే ఎన్‌పీసీఐ సంస్థ నడిపే ఆటో డెబిట్. అప్పు కిస్తీలు, బీమా ప్రీమియంలు ఇట్లనే పోతాయి. దాని వెనక మీవాళ్లెవరో ఒప్పుకున్న మ్యాండేట్, అంటే ఖాతాలోంచి పైసలు కట్ చేసుకోమని ఇచ్చిన అనుమతి ఉండాలి. బ్యాంకులో ‘ఈ పేరేంది’ అని అడిగితే వాళ్లకూ తెల్వదు. యూఎంఆర్ఎన్ అడుగు. అది మ్యాండేట్ నంబరు. దాంతో ఎవరికి, ఎంతవరకు, ఎప్పటిదాకా అన్నీ బయటపడతాయి.

పాలమూరు టీచర్:
పేరు చూసి భయపడకండి. మా ఆయన స్టేట్‌మెంట్‌లో ఏఎన్ఐ టెక్నాలజీస్ అని కనబడితే ఇల్లు పీకి పందిరేశాను. తీరా చూస్తే ఎల్బీనగర్‌లో ఎక్కిన ఓలా ఆటో! పేటీఎం వెనక కంపెనీ పేరు కూడా వన్97 కమ్యూనికేషన్స్. బోర్డు మీద ఒక పేరు, రిజిస్ట్రేషన్‌లో ఇంకో పేరు.

వనపర్తి మామ:
మే ఆఖరి వారంలో 436, 20 కట్ అయితే అవి ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమా. ఏడాదికోసారే. వద్దంటే బ్యాంకులో రాసిస్తే ఆపుతారు. నేనైతే ఆపను. 20 రూపాయలకు 2 లక్షల ప్రమాద బీమా ఎవడిస్తాడు?

తిప్పర్తి రైతుబిడ్డ:
మే కాదు మామా. ఇంకోటి, అంతకుముందు నెల 295 అని వేరే గీత కూడా ఉంది.

జడ్చర్ల అన్న:
దొరికింది. 250 చార్జీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 45. కిస్తీ రోజు ఖాతాలో పైసలు లేక బౌన్స్ అయితే బ్యాంకు వేసేది అట్లనే ఉంటుంది. వడ్ల పైసలు పడకముందు ఖాతా ఖాళీగా ఉండి ఉంటుంది.

దేవరకొండ వకీలు:
ఒకవేళ నిజంగా మోసమే అయితే ఆలస్యం చేయొద్దు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు కాగితం మీద ఇచ్చి రశీదు తీసుకోండి. బయటివాళ్ల మోసమై, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకపోతే, బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చిన మూడు పనిదినాల్లో చెబితే మీ మీద భారం సున్నా. రిజర్వ్ బ్యాంకు 2017 జులైలోనే చెప్పింది. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు.

తిప్పర్తి రైతుబిడ్డ:
తెలిసింది. దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు. మ్యాండేట్ కాగితంలో ఫైనాన్స్ కంపెనీ పేరు, 12 నెలల గడువు ఉన్నాయి. తారీఖు చూడగానే నాయినకు గుర్తొచ్చింది. ఆ రోజు తమ్ముడు సిమ్ కోసమని బండి మీద నల్లగొండ గడియారం సెంటర్ దాకా తీసుకుపోయి, ఫొటో దిగించి, కీప్యాడ్ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ చదివించుకున్నాడట. అట్ల వచ్చింది వాడి కొత్త ఫోన్. మ్యాండేట్ ఆపేద్దామా?

జడ్చర్ల అన్న:
వద్దు. మ్యాండేట్ ఆపితే అప్పు ఆగదు. అప్పు సరిగా కడతాడా లేదా అని చూసే నాయిన సిబిల్ స్కోరు పడిపోతుంది, రేపు ట్రాక్టర్ లోన్‌కు పోతే అదే అడ్డం. 5వ తారీఖుకు ముందే తమ్ముడితో ఖాతాలో వేయించు.

తిప్పర్తి రైతుబిడ్డ:
సరే అన్నా. ఫోన్ మాత్రం నాయిన గుంజుకున్నాడు. ఇప్పుడది బీరువాలో, ఏటీఎం కార్డు పక్కన ఉంది.