చీమిడి తూకం వేస్తే అలర్జీ తేలుతుందా?

గుంటూరు అమ్మ:
మా బాబుకు తొమ్మిదేళ్లు. పొద్దున కళ్లు తెరవగానే వరసగా తుమ్ములు, ఆ తర్వాత గంటసేపు నీళ్లలా ముక్కు కారడం. మామూలు పడిశమైతే వారం పది రోజుల్లో పోవాలి, ఇది ఏడాదిగా ఉంది. ఒక డాక్టరు గారు అలర్జీ అన్నారు, ఇంకొకరు చల్లగాలి పడట్లేదన్నారు. ముక్కు స్రావాన్ని కొలిస్తే తేలుతుందని మా ఆయన ఎక్కడో చదివి, నాలుగు రోజులుగా టిష్యూలు తూస్తున్నారు. మా తమ్ముడిది బంగారం కొట్టు, కాటా అక్కడిదే. తుడవకముందు ఒకసారి, తుడిచాక జిప్ కవర్లో వేసి ఒకసారి. శుక్ర, శనివారాల్లో 3 గ్రాములు దాటింది. ఆదివారం ఒక గ్రాము కూడా లేదు. సోమవారం మళ్లీ 3. ఈ లెక్క డాక్టరుకు చూపిస్తే పనికొస్తుందా?

ఈఎన్‌టీ పీజీ, కర్నూలు:
అక్కా, కవర్లో వేయడం మంచి పని, లేకపోతే తడి ఆరిపోయి తూకం తగ్గుతుంది. పరిశోధనల్లోనూ ముందే తూచిన టిష్యూనో ఫిల్టర్ పేపర్ ముక్కనో వాడతారు. కానీ ఆ అంకెతో అలర్జీ అని తేల్చలేం. నరాలు ఉసిగొల్పితే చాలు, ముక్కులో గ్రంథులు ఊరుతాయి. అలర్జీలో విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం ఆ నరాలను కదిలిస్తుంది. చల్లగాలీ కదిలిస్తుంది, కారమూ కదిలిస్తుంది. వేడివేడి మిరియాల చారు తాగినవాడి టిష్యూ తూచినా బరువు పెరుగుతుంది. స్కిన్ ప్రిక్ టెస్ట్ చేయించండి, అంటే అలర్జీ తెచ్చే పదార్థాల చుక్కలు చర్మం మీద వేసి సూదితో సన్నగా గుచ్చుతారు. 15, 20 నిమిషాల్లో దద్దురు 3 మిల్లీమీటర్లు లేస్తుందో లేదో చూస్తారు.

యార్డు గుమస్తా:
ఈయన మాటే కరెక్టు. మిర్చి యార్డులో పదకొండేళ్లు చేశాను. మిర్చి బస్తాలు, అదే టిక్కీలు దించుతుంటే ముక్కు కుళాయిలా కారేది. అలర్జీ అని రెండేళ్లు మాత్రలు మింగించారు, గుణం లేదు. చివరికి చర్మ పరీక్షలో ఏదీ రాలేదు. తూచి ఉంటే ఈ బాబు కంటే నాకే ఎక్కువ వచ్చేది!

ల్యాబ్ టెక్నీషియన్, వరంగల్:
తూకం వదిలేయండి, స్రావాన్ని మాత్రం వదలకండి. స్వాబ్‌ను ముక్కు లోపల పక్క గోడకు ఆనించి తిప్పి, స్లైడు మీద దొర్లించాలి. రుద్దితే కణాలు చితికిపోతాయి. రంగు వేసి (స్టెయిన్ చేసి) మైక్రోస్కోపులో చూస్తే ఇయోసినోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు దాక్కోలేవు: రెండు తమ్మెల కేంద్రకం, చుట్టూ నారింజ ఎరుపు గింజలు. అవి గుంపుగా ఉంటే అలర్జీ వైపు మొగ్గు. న్యూట్రోఫిల్స్ అనే ఇంకో రకం తెల్ల రక్తకణాలే నిండి ఉంటే ఇన్ఫెక్షన్ వైపు. సూది పోటు లేదు, ఖర్చు తక్కువ, పిల్లలకు టెన్షన్ ఉండదు. చాలామంది డాక్టర్లు ఇది రాయడమే మానేశారు, అది నాకు బాధ.

ఈఎన్‌టీ పీజీ, కర్నూలు:
రాయకపోవడానికి కారణం ఉందండీ. అలర్జీ లేకుండానే ఇయోసినోఫిల్స్ నిండే ముక్కులున్నాయి. స్టెరాయిడ్ స్ప్రే వాడుతుంటే నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలోనూ అవి తగ్గిపోతాయి. ఒక్క స్లైడు చూసి పిల్లాడికి ముద్ర వేయలేం.

ఫిజియాలజీ టీచర్, విశాఖ:
తూకాన్ని ఇంత తేలిగ్గా తోసేయడం నాకు నచ్చలేదు. చర్మ పరీక్ష, రక్త పరీక్ష రెండూ నెగటివ్ వచ్చినా, ముక్కులో మాత్రమే అలర్జీ ఉండే రకం ఒకటుంది. స్పెయిన్‌లోని మాలగా వైద్యులు దీని మీద చాలా పని చేశారు. అలాంటివాళ్లకు ముక్కులోకే దుమ్ము పురుగుల సారం కొద్దిగా కొట్టి చూస్తారు. తుమ్ములు లెక్కపెడతారు, గాలి ఎంత ఆడుతోందో కొలుస్తారు, స్రావం ముందెంత తర్వాతెంత అని కూడా చూస్తారు. అక్కడ తూకానికి అర్థం ఉంది, ఎందుకంటే ముక్కుకు ఏం తగిలిందో మనకు తెలుసు. ఇది ఆస్పత్రిలోనే చేయాలి, ఆస్తమా ఉన్నవాళ్లకు ప్రమాదం. గుమస్తా గారూ, చర్మ పరీక్షలో రాలేదు కాబట్టి మీది అలర్జీ కాదని ఎలా అనుకున్నారు?

యార్డు గుమస్తా:
వేసవి సెలవులకు యార్డు మూస్తే రెండో రోజుకే ముక్కు పొడిగా ఉండేదండీ.

ఫిజియాలజీ టీచర్, విశాఖ:
పనిచోటి అలర్జీ అయినా సెలవుల్లో తగ్గుతుంది కదా. దురద ఉండేదా?

యార్డు గుమస్తా:
దురద కాదు, మంట. కళ్లూ గొంతూ కూడా మంటే.

ఈఎన్‌టీ పీజీ, కర్నూలు:
మంట అంటే కారం ఘాటు వైపే అనుమానం ఎక్కువ. అక్కా, మీ బాబుకు దురద ఉందా? అరచేత్తో ముక్కు కొనను పైకి రుద్దుతాడా? అలా రుద్దీ రుద్దీ ముక్కు మీద అడ్డగీత ఏమైనా పడిందా? ఇవి అలర్జీలో కనిపించే గుర్తులు.

గుంటూరు అమ్మ:
రోజంతా రుద్దుతూనే ఉంటాడు. గీత ఉంది, పుట్టుకతో వచ్చిందేమో అనుకున్నాం. ఇంకోటి ఇప్పుడే తట్టింది. శనివారం రాత్రి వాడు అమ్మమ్మ ఇంట్లో చాప మీద పడుకున్నాడు. మా ఇంట్లో పన్నెండేళ్ల నాటి దూది పరుపు.

ఫిజియాలజీ టీచర్, విశాఖ:
అదిగో! దుమ్ము పురుగులు పాత పరుపుల్లో చేరతాయి. మీ వారు తూచింది వృథా కాలేదమ్మా. అంకె పక్కన ఎక్కడ పడుకున్నాడో కూడా రాసి తీసుకెళ్లండి.

ఈఎన్‌టీ పీజీ, కర్నూలు:
ఒక్క ఆదివారంతో పరుపుదే తప్పని చెప్పలేం, కానీ డాక్టరుకు తప్పక చెప్పండి. అలర్జీ మాత్ర సెట్రిజిన్ ఇస్తుంటే, అది దద్దురును లేవనివ్వదు కాబట్టి, చర్మ పరీక్షకు ఎన్ని రోజుల ముందు ఆపాలో అడగండి, మామూలుగా వారం. గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీళ్లలో ఉతకండి.

గుంటూరు అమ్మ:
పరీక్ష వచ్చే బుధవారం. మాత్ర ఈ రాత్రి నుంచే ఆపమన్నారు. వాడిని ఇవాళ చాప మీద పడుకోబెట్టాను, మా ఆయన రేపటి టిష్యూ ఇప్పుడే తూచి పెట్టుకున్నారు.