చేతికి 17,500 జీతంతో మాదాపూర్‌లో ఉండగలనా?

అందరికీ నమస్తే. మాది నరసరావుపేట. డిగ్రీ అయ్యాక మాదాపూర్‌లో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగం వచ్చింది. పీఎఫ్ పోను చేతికి 17,500. వచ్చే నెల చేరాలి.

ఆఫీసు దగ్గర లేడీస్ హాస్టల్‌లో అడిగితే త్రీ షేరింగ్‌కే భోజనంతో కలిపి 9,000 అన్నారు, అడ్వాన్స్ వేరే. ఇంటికి నెలకు 4,000 పంపాలి, అది తగ్గించే వీల్లేదు. మిగిలేది 4,500. మొదటి జీతం వచ్చేదాకా చేతిలో ఎంత పెట్టుకోవాలో కూడా తెలియట్లేదు.

ఎస్‌ఆర్ నగర్‌లో హాస్టళ్లు చవకంటున్నారు. అక్కడి నుంచైతే మెట్రోలో అమీర్‌పేటలో మారి రావచ్చు. కానీ నా షిఫ్ట్ రాత్రి 10కి అయిపోతుంది, క్యాబ్ ఇవ్వరు. అసలు టెన్షన్ అదే. బస్సుల్లో ఫ్రీ కదా అంటారేమో, అది తెలంగాణ ఆడవాళ్లకే, నాది ఆంధ్రా ఆధార్.

మియాపూర్, హఫీజ్‌పేట వైపు ఉండి ఇలాంటి షిఫ్టులు చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రాత్రిళ్లు ఎలా వెళ్లేవారు? లేక ఛార్జీల గొడవ లేకుండా ఆ 9,000 కట్టేయడమే నయమా? అక్కలూ, మీరైతే ఏం చేస్తారో చెప్పండి ప్లీజ్.