ట్రేమోర్: పోస్ట్‌కార్డుల్లో మాత్రమే మిగిలిన సముద్రతీరపు బోర్డింగ్ హౌస్

పాతకార్డులు: మొన్న న్యూజెర్సీలో పాత సామాన్ల సంతలో ఒక పోస్ట్‌కార్డు దొరికిందండి. చుట్టూ తెల్ల బోర్డరు, మధ్యలో ఇసుక రంగు బిల్డింగు, పైన పసుప్పచ్చ గుమ్మటాలు రెండు, అట్లాంటిక్ సిటీ ట్రేమోర్ హోటల్ అని ఉంది. పైన ఒక కిటికీ మీద ఎవరో ఇంకుతో ఇంటూ గుర్తు పెట్టి, వెనకాల "మా రూము ఇదే" అని ఇంగ్లీషులో రాశారు. ఆ ఇంటూ చూసిన దగ్గర్నుంచి మనసంతా దాని మీదే ఉంది. తెలిసినవాళ్లు చెప్పరూ?

సముద్రపుగాలి: అది మొదట్లో అంత పెద్దది కాదండీ. 1879లో బీచ్ దగ్గర చిన్న చెక్క ఇల్లు, గది ఇచ్చి భోజనం పెట్టే బోర్డింగ్ హౌస్. 1884 జనవరిలో తుఫాన్‌కి పోయింది, మళ్లీ కట్టారు, ఫిలడెల్ఫియా నుంచి రైలెక్కి జనం వస్తూనే ఉన్నారు కాబట్టి ఏటికేడు పెంచుకుంటూ పోయారు. మీ కార్డులో ఉన్న కాంక్రీటు బిల్డింగు 1914-15లో విల్ ప్రైస్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేసింది.

స్టాంపులరాజు: తెల్ల బోర్డరు అంటే సుమారు 1915-30 మధ్యదండి. 1907 మార్చికి ముందు అమెరికాలో కార్డు వెనక అడ్రస్ తప్ప ఏమీ రాయకూడదు, అందుకే అప్పటివాటిలో కబుర్లన్నీ బొమ్మ పక్కన ఖాళీలో ఇరికించి ఉంటాయి. ఒక్క మాట, కార్డులో రంగులు చూసి బిల్డింగు రంగు ఇదే అనుకోకండి, నలుపు తెలుపు ఫోటోకి ప్రెస్సులో రంగులేసేవాళ్లు, ఒకే ఫోటో పగలూ రాత్రీ రెండు కార్డులుగా వచ్చేది.

ఎడిసన్‌అక్క: మేం పోయిన వేసవిలో పిల్లల్తో వెళ్లాం. మోనోపొలీ ఆట బోర్డు మీద ఎర్ర గడి ఇల్లినాయ్ అవెన్యూ ఉంటుంది కదా, ట్రేమోర్ ఆ వీధి చివరే, ఇప్పుడు ఆ వీధి పేరు మార్టిన్ లూథర్ కింగ్ బులవార్డ్. మా పాప ఫోన్లో కార్డు పెట్టుకుని ఎదురుగా చూసి "అమ్మా, ఇంత పెద్దది ఎటు పోయింది" అంది, నాకు చెప్పబుద్ధి కాలేదు. 1972లో డైనమైట్ పెట్టి కూల్చేశారు.

పాతకార్డులు: అయ్యో. ఇంకో నాలుగేళ్లు ఆగుంటే 1976లో ఆ ఊళ్లో కేసినోలు రావాలని జనం ఓటేశారు, నిలబడేదేమో అక్కా.

సముద్రపుగాలి: నాకు నమ్మకం లేదు తమ్ముడూ. అదే ప్రైస్ డిజైన్ చేసిన బ్లెన్‌హైమ్ హోటల్ 1978 దాకా ఉంది, దాన్ని కేసినో కోసమే పడగొట్టారు. విమానాలొచ్చాక జనం వేరే ఊళ్లకి పోవడం మొదలెట్టారు, అన్నేసి గదులు ఖాళీగా పెట్టుకుని ఎవరు మోస్తారు?

స్టాంపులరాజు: నాకు ఆ చెక్క ఇల్లే కావాలండి. పెద్ద బిల్డింగు కార్డులు కుప్పలుగా దొరుకుతాయి, పాత చెక్క ట్రేమోర్‌వి ఎవరి దగ్గరైనా ఉంటే రెండు వైపులా స్కాన్ చేసి పెట్టండి, పోస్టాఫీసు ముద్రలో తేదీ కనపడేట్టు.